అందరికీ ఒకటే మెయిలు

ఎనభైలలో మా పటాన్‌చెరు కాలనీకంతా ఒక్కటే ఫోను, మూలమీది కిరాణా సేటు దుకాణంలో. పెళ్లి పత్రికల మీద, దరఖాస్తుల మీద ఆ నంబరే రాసి పక్కన ‘పీపీ’ అని పెట్టేవాళ్లు. అంటే ఫోను మనది కాదు, పిలిచి ఇస్తారని. పిలిచేవాళ్లు, నిజమే. కానీ పప్పు కొనడానికి వచ్చినవాళ్లంతా మాట్లాడేవాడి చుట్టూ నిలబడి వినేవాళ్లు. ఫోను పెట్టగానే “ఏమన్నరు?” అని అడగకపోతే అది మర్యాద తక్కువ. నేను డైరీని పెట్టెలో పెట్టి తాళం వేస్తానని తెలిసి నవ్వేవాళ్లు కూడా వీళ్లే.

రెండువేల తర్వాత సేటు కొడుకు ఆ పక్క గదిలో నెట్ సెంటర్ తెరిచాడు. ప్రతి కంప్యూటరుకూ ప్లైవుడ్ అడ్డం, ముందొక పరదా. ఉక్కపోస్తుందని మావాళ్లు ఆ పరదాలు లాగి కట్టేశారు. మెయిలు ఎవరికి వారు ఉచితంగా తెరుచుకోవచ్చని అతను ఎంత చెప్పినా ఎవరూ తెరవలేదు. దుకాణం మెయిలే రాసి, పక్కన పీపీ అని పెట్టారు. యంత్రాలు మనుషుల్ని మార్చేస్తున్నాయని పత్రికల్లో రాసే మేధావులు మా కాలనీకి ఎన్నడూ వచ్చినవాళ్లు కారు.

మా ఎదురింటాయన మందుల ఫ్యాక్టరీలో ఆపరేటరు. హత్నూర దగ్గర మరో ఫ్యాక్టరీకి, భార్యకు కూడా చెప్పకుండా, దరఖాస్తు పెట్టాడు. ఇంటర్వ్యూకు రమ్మని జవాబు దుకాణం మెయిలుకు వచ్చింది. సేటు కొడుకు దాన్ని ప్రింటు తీసి, పైన ఆయన పేరు రాసి, అద్దం తలుపుకు అతికించాడు. ఆయన డ్యూటీ దిగి వచ్చేలోపు కాలనీ అంతా చదివింది. సిగరెట్లకు వచ్చిన ఆయన సూపర్‌వైజరూ చదివాడు. మర్నాడు గేటు దగ్గరే ఆయనను ఆపేశారు. హత్నూర వాళ్లేమో పాత ఫ్యాక్టరీ సర్టిఫికెట్ తెమ్మన్నారు. పాతవాళ్లు ఇవ్వలేదు. రెండు కొలువులూ పోయాయి.

సాయంత్రం దుకాణం ముందు పరామర్శ.

“నేను మంచికే పెట్టిన కాకా. అన్న డ్యూటీల ఉండె, జల్దీ తెలుస్తదని,” అన్నాడు సేటు కొడుకు నాతో.

“గీ కంప్యూటర్లే మంచియి గావు. ఊరంత సాటింపు ఏస్తయి,” అన్నాడు పాలాయన. ఆ కాయితాన్ని నలుగురికీ గట్టిగా చదివి వినిపించింది ఆయనే.

“అద్దానికి అతికిచ్చింది కంప్యూటరా? చదివింది కంప్యూటరా?” అన్నాను.

“నీకేం కాకా, నీ ముచ్చట ఎవ్వనికి గావాలె?” అన్నాడు పాలాయన. అందరూ నవ్వారు, కొలువు పోయినాయనతో సహా.

మళ్లీ పని వెతుక్కోక తప్పదు గదా. ఈసారైనా దాపరికం ఉండాలని ఆయనను నేనే నెట్ సెంటర్‌కు తీసుకెళ్లి, పరదా దించి, సొంత మెయిలు తెరిపించాను. పాస్‌వర్డ్ అడిగినచోట నేను మొహం పక్కకు తిప్పుకున్నాను. ఆయన కాసేపు ఆలోచించి, ప్లైవుడ్ మీదుగా సేటు కొడుకును కేకేశాడు.

“తమ్మీ, పాస్‌వర్డ్ ఏం పెడదమంటవ్? జెర నువ్వే యాదుంచుకో, నేను మర్సిపోత!”

పక్క కంప్యూటరు దగ్గరినుంచి పాలాయన గొంతు వినిపించింది.

“నీ బిడ్డ పేరు పెట్టరాదే, మాకు గూడ యాదుంటది!”

ఆయన అదే పెట్టాడు.