రాజకుమారి పట్టిన కొలిమి

2025 జనవరిలో, ఒక్క గడ్డపార దెబ్బ పడకముందే, మా మెట్టభూమి పెద్దచెలకలో పాతకాలపు ఇనుప కొలిమి ఎక్కడుందో నా తమ్ముడి బిడ్డ రాజకుమారి చూపించింది. ఆమె సున్నం పోసిన చోటే తవ్వారు. మోకాలి లోతులో ఎర్రగా కాలిన మట్టిగోడ, పక్కనే ఇనుము కరిగించగా మిగిలిన చిట్టెం బయటపడ్డాయి. ఆ చెలకలో ఏమీ లేదని అంతకుముందు తేల్చేసి పోయిన మనిషి వేదవ్యాస్. ఆ పేరు కావాలనే రాస్తున్నాను.

మావి బొగ్గుబాయి బతుకులు. నేను ఊరి బడిలో ఐదు చదివి, బాయిలో పైకప్పు కూలిన రోజున ముగ్గురిని బయటికి లాగి మెడల్ తీసుకున్నవాణ్ణి. తమ్ముడు రాయమల్లు రిటైరయ్యేదాకా బొగ్గు కొట్టాడు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి పిల్ల రాజకుమారి.

ఓపెన్‌కాస్టు గని మా పొలాల వైపు జరుగుతోందని, లోపల పాత ఆనవాళ్లున్నాయేమో చూడటానికి మూడేళ్ల కింద ఒక ప్రైవేటు బృందం వచ్చింది. దానికి పెద్ద వేదవ్యాస్. భూమిలోని ఇనుమును, కాలిన మట్టిని పైనుంచే పసిగట్టే మాగ్నెటోమీటర్ మోసే పని రాజకుమారికి దొరికింది.

మొదటి రోజని రాయమల్లు తన డ్యూటీ బూట్లు పాలిష్ చేసి ఇచ్చాడు. మా దగ్గర వాటికున్న గౌరవం వేరు. పెద్దవైతే గుడ్డలు కుక్కుకుని తొడుక్కుంది. వాటి ముక్కులో ఇనుప రేకుంటుందని అందరికీ తెలుసు, ఎవరికీ గుర్తు రాలేదు. అడుగు పడ్డప్పుడల్లా అంకెలు ఎగిరాయి. పనికి దిగేముందు ఒంటిమీది ఇనుము తీయించాల్సిన వేదవ్యాస్, లోపల ఏదో ఉందని సంబరపడి పెద్దచెలకలో ఊరందరి ముందర తవ్వించాడు. ఉత్త మట్టి. బూట్ల సంగతి తెలియగానే ఆమె మీద పడ్డాడు.

“బాయి పనోళ్ల పొల్లకు మిషన్ ఇచ్చుడే తప్పు. తట్ట ఇయ్యాలె.”

“బూట్లు నేనిచ్చిన సార్. నన్ననుండ్రి, పొల్లననకుండ్రి,” అన్నాడు రాయమల్లు.

“నువ్వు బొగ్గు తవ్వుకో కాకా. భూమి సంగతి నీకెందుకు?”

రాయమల్లు ఆ బూట్లు మళ్లీ తొడగలేదు. రాజకుమారి ఏడవలేదు, మరవలేదు. హైదరాబాదు పోయి మాగ్నెటోమీటర్ పట్టడం, నేలలోకి తరంగాలు పంపే రాడార్ బండి నడపడం, భూమిలోకి కరెంటు పంపి లోపలి పొరలు చూడటం నేర్చింది. ఇంకో బృందంతో వచ్చి అదే చెలకలో కొలిమి పట్టింది.

కబురు తెలిసి వేదవ్యాస్ చూడటానికి వచ్చాడు. ఇంకా సర్వే నడుస్తోంది. హద్దుకు కట్టిన తాడు దగ్గరే రాజకుమారి ఆపింది.

“బెల్టు తియ్యుండ్రి సార్. ఫోను, తాళాలు గాడ పెట్టుండ్రి. బూట్లు గూడ.”

“జర చూసి పోతనమ్మా.”

“మా బాపు బూట్లకు లేని మాఫీ మీ బూట్లకెట్ల?”

ఒక చేత్తో జారుతున్న ప్యాంటు పట్టుకుని, వట్టికాళ్లతో పత్తికట్టెల మొదళ్ల మీద నడిచాడు. “పల్లేరు ముండ్లున్నయి సారూ, పైలం,” అన్నాను గట్టు మీదనుంచి. మెడల్ వచ్చిన రోజున కూడా నాకంత తృప్తి కలగలేదు.

రాజకుమారికి అది చాలలేదు. “బాపును ఊరి ముందర అన్నరు. ఊరి ముందరనే తప్పైందని ఒప్పుకోవాలె.”

“ఒక్క కొలిమికే ఇంతనా? వాగొడ్డు చెలకల గూడ ఏం లేదని నేనే రాసిన. ఆడ దొరికితే అంటా.”

“మా బాపు కాడ నిలబడి?”

“నిలబడే అంటా.”

ఊరంతా విన్నది. ఇప్పుడామె ఒడిశాలో సర్వేలో ఉంది. అది కాగానే మొదటి పని వాగొడ్డు చెలకే. వేదవ్యాస్ కూడా రావాలని నేనే ఫోన్ చేసి చెప్పాను. రాజకుమారి రామగుండం స్టేషన్లో దిగేది 2026 ఫిబ్రవరి 9, సోమవారం.