బదిలీ మాటకు విచారణ

మనుషులందరినీ నమ్మే అనంతరామ్ పంతులు ఒక్క మాటల్ని మాత్రం నమ్మేవాడు కాదు. కొత్త మాట చెవిన పడితే చాలు, పోలీసు పటేలులాగా నిలబెట్టి ఊరూ పేరూ అడిగేవాడు. ఒకసారి భార్య శారదాంబ సాంబారు వడ్డించబోతే విస్తరికి చెయ్యి అడ్డం పెట్టాడు.

“ఆగు. సాంబారు అన్న మాట మనది కాదు. ఎవరు పంపితే వచ్చింది?”

“నేను పంపిన. వంటింట్లకెల్లి వచ్చింది. తింటరా, తీసెయ్యాల్నా?”

పంతులు మంథని మనిషి, గోదావరిఖనిలో బొగ్గుబాయి మీద హాజరు గుమస్తా. పొద్దటి షిఫ్టుకు ఆయన కిటికీ ముందు బదిలీవాళ్ళు గుమికూడేవారు. పనికి రానివాళ్ళ జాగాలో ఆ ఒక్కరోజుకు బాయి దిగేవాళ్ళన్నమాట. పేరు పిలిచినప్పుడు ఎదుట ఉంటే మస్టరు, అంటే ఆ రోజు హాజరు, పడుతుంది, లేకుంటే వెనకవాడికి పోతుంది. డెబ్బై ఒకటిలో, ఏడాది ముగిసేలోగా ఇంకో ఇరవై మస్టర్లు పడితేనే బదిలీవాడు మొగిలికి నౌకరీ పర్మినెంటు. అతను గోదావరి అవతలి ఒడ్డు నుంచి పడవలో ఏరు దాటి, రొప్పుతూ వచ్చేసరికి రోజూ పంతులు విచారణలో ఉండేవాడు.

“బదిలీ. అరబ్బుల దగ్గర మార్పిడి అన్నది. హిందీల అడుగు పెట్టంగనే బద్లా అని పగ పట్టింది. అరవదేశం పోయి పదిల్ అని పేరు మార్చి జవాబు చెప్పుకుంట బతుకుతున్నది. ఆఫీసరుకు తగిలితే వేరే ఊరు, మీకు తగిలితే వేరేవాని తట్ట. ఇన్ని వేషాలేసే మాటను నమ్ముడెట్ల?”

మొగిలికి మాట మీద కాదు, పంతులు మీదే అనుమానం.

“నన్ను చూసే మొదలుపెడ్తడు బావా,” అన్నాడు సదయ్యతో. “నా మస్టరు ఇంకెవనికో ఇయ్యాలనుకున్నడు.”

“అడగరాదు మరి.”

“అడిగితే, అడుగుడు అన్న మాట ఏడికెల్లి వచ్చిందంటడు.”

అనుమానం ఆగక, ఒకనాడు ముందురోజే ఏరు దాటి సదయ్య క్వార్టర్లో పడుకున్నాడు. తెల్లారగానే వచ్చి, బాయి దీపాలిచ్చే ల్యాంపురూము గోడ చాటున నిలబడ్డాడు. పంతులు పేర్లు గూడ్సుబండిలా చదివేస్తున్నాడు. ఎల్లేశం, బిక్షం దిగిపోయారు. తరవాత మొగిలి పేరు. పంతులు కళ్ళజోడు ఎత్తి ఏటి బాట చూశాడు. ఖాళీ. కలం కింద పెట్టాడు.

“బదిలీ. ఈ మాట మీద నాకు అనుమానమున్నది.”

“టైమయింది పంతులూ, మొగిలి పేరు దాటెయ్యి,” అన్నాడు వరసలో వెనకున్న నర్సింగం.

“విచారణ నడుస్తుంటే పేరు దాటుడు ఉండదు. అరబ్బుల దగ్గర...”

అరబ్బులయ్యారు, హిందీ అయింది, అరవం అయింది. బాట ఖాళీగానే ఉంది. భాషలు అయిపోయిన పంతులు చెమట తుడుచుకుని మళ్ళీ అరబ్బుల దగ్గరికి బయల్దేరాడు.

మొగిలి గోడ చాటు విడిచాడు.

“ఉన్న పంతులూ,” అంటూ ముందుకొచ్చాడు.

అరబ్బులు నడిదారిలోనే ఆగిపోయారు. మస్టరు పడింది. పంతులు కళ్ళజోడు మీదుగా మొగిలిని ఎగాదిగా చూశాడు.

“ముందే వచ్చినవేంది? దీంట్ల ఏదో ఉన్నది.”

“ఏం లేదు పంతులూ. మరి ఆ మాట సంగతి ఏం తేలింది?”

“రేపు పడవకే వస్తవు గద,” అన్నాడు పంతులు. “అప్పటిదాక తేలది.”