నాయన చెప్పిన ఎదుటి వాదన

హిందూపురంలో డిగ్రీ రెండో ఏడాది చదువుతున్నప్పటి మాట. ఏదైనా ఒక విషయం తీసుకుని, చదివినవాళ్ళు ఒప్పుకునేలా విశ్లేషిస్తూ ఇంగ్లీషులో వ్యాసం రాయమన్నారు మా మేడం. మాది ధర్మవరం, నాయన పట్టుచీరలు నేస్తాడు. చేనేత ఆగిపోకూడదంటూ డిక్షనరీలోని పెద్ద పెద్ద మాటలన్నీ పేర్చి రాసి, క్లాసులో గర్వంగా చదివాను.

"బాగుంది. మరి నేత మానేయాలనేవాళ్ళు ఏమంటారు?" అని మేడం అడిగారు. నేను నా కాగితాలు తిరగేశాను. "నేతపనివాళ్ళ అమ్మాయివే, ఇంట్లో అడగలేదా?" అన్నారు. క్లాసంతా నవ్వింది.

ఆదివారం హాస్టల్ నుంచి ఇంటికెళ్ళి, మగ్గం ముందు కూర్చున్న నాయనను అదే అడిగాను.

"ఎవరో ఎందుకు, ఆ మాట నేనే అంటాండా గదమ్మా. నడుము పట్టేస్తాండాది. నీ తమ్మునికి ఈ పని ఎందుకు నేర్పల్యా అని ఎప్పుడన్నా అడిగితివా?"

నిజమే, అడగలేదు. "మరి నువ్వెందుకు మానవు నాయనా?"

ఆయన చీర అంచు మీద చెయ్యి పెట్టాడు. "ఇది బాగా కుదిరినపొద్దు అన్నం గూడా గుర్తుకు రాదు. మానేస్తే ఆ సంతోషం యాడినుంచి వస్తాది?"

ముందు ఆయన నొప్పి, తర్వాత ఆయన సంతోషం, చిన్న చిన్న ఇంగ్లీషు వాక్యాల్లో వ్యాసాన్ని మళ్ళీ రాశాను. మగ్గాలు నిలవాలంటే ముందు నేసేవాళ్ళ నడుము కాపాడే ఏర్పాటు కావాలని ముగించాను. ఈసారి చదువుతుంటే ఎవరూ నవ్వలేదు. "ఇప్పుడు ఒప్పుకుంటున్నాను" అన్నారు మేడం.

పంతొమ్మిదేళ్ళు ఆయన కూతురిగా పెరిగి, నాయనను ఆయన పని గురించి నేను మొదటిసారి అడిగింది ఆ ఆదివారమే.