ఖలాస్ అంటే కూర్చునే కుక్క

సౌదీలోని రాబిగ్‌లో మా కాంపౌండ్ చుట్టూ ఉన్న తారురోడ్డు మీద అంకుల్ సాయంత్రం నాలుగింటికే, ఎండ తగ్గకముందే సైకిల్ తీసేవారు. ఆయన నాన్నకి పై అధికారి. కుక్క తాడును హ్యాండిల్‌కి గట్టిగా ముడేసి, ఒక చేత్తో హ్యాండిల్, ఇంకో చేత్తో ఫోన్ పట్టుకునేవారు.

ఆ కుక్క అంతకుముందు ఒక లెబనాన్ ఆవిడది. ఎగ్జిట్ వీసా మీద సౌదీ వదిలి వెళ్లిపోతూ అంకుల్‌కి ఇచ్చింది. ఆవిడ కుక్కతో సైకిల్ షికారుకి వెళ్లడం మా కిటికీలోంచి నెలల తరబడి చూశాను. బయల్దేరే ముందు తారు మీద చెయ్యి ఆనించేది. చెయ్యి కాలితే ఆ పూటకి షికారు లేదు. తాడు హ్యాండిల్‌కి కట్టేది కాదు, సీటు కింద బిగించిన స్ప్రింగు కడ్డీకి తగిలించేది. కుక్క నడకే సైకిల్ నడక. ఆపాలంటే మెల్లగా అరబ్బీలో "ఖలాస్" అనేది. అది అక్కడే కూర్చునేది.

ఆ మాట అంకుల్ నోట ఎప్పుడూ ఆడుతూనే ఉంటుంది. సైట్‌లో పని పూర్తయినా ఖలాసే, ఇంట్లో పాలు నిండుకున్నా ఖలాసే. ఇక్కడి మా వాళ్లందరికీ అంటుకున్న మాటే. సైకిల్ తొక్కుతూ ఫోన్‌లో "వెల్డింగ్ ఖలాసా?" అనగానే కుక్క కూర్చుంటుంది. సైకిల్ ఆగదు. కుక్కని ఈడ్చుకుపోతుంది.

"ఎంత బద్ధకమో చూడండి దీనికి!" అని ఆయన నవ్వితే, వాకింగ్‌కి వచ్చినవాళ్లూ నవ్వేవారు. అది బద్ధకం కాదని డైరీలో నాలుగుసార్లు రాశాను, ఆయనకి ఒక్కసారీ చెప్పలేదు. ఆ పేజీలు తిప్పితే నా మీద నాకే రోత.

ఒకరోజు మా గేటు ముందే కుక్క అలా కూర్చుంది. సైకిల్ ఒరిగి అంకుల్ కింద పడ్డారు. లేచి, బూటుకాలితో దాని డొక్కలో తన్నారు.

నేను చెప్పులు కూడా లేకుండా బయటికి పరిగెత్తాను. "అంకుల్, దానికి ఖలాస్ అంటే ఆగమని. మీరే అన్నారు, అది ఆగింది."

"ఏంటమ్మా, మీ డాడీకి ఇన్నేళ్లయినా రాని అరబ్బీ కుక్కకొచ్చిందా?"

నా వెనకే వచ్చిన నాన్న ఆ మాటకి నవ్వాడు! "పుస్తకాల పిల్ల సార్, ఏమీ అనుకోకండి. అంకుల్‌కి సారీ చెప్పవే."

కుక్క పాదం తిప్పి చూశాను. అరికాలి తోలు ఊడి, ఎర్రటి మాంసంలో ఇసక గుచ్చుకుని ఉంది. పట్టీ కొక్కెం తీసి దాన్ని ఎత్తుకున్నాను.

"డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తున్నాను. ఇక ఇది మీ ఇంటికి రాదంకుల్. నాన్నా, కారు తాళాలు."

నాన్న జేబులో చెయ్యి పెట్టి, అంకుల్ మొహంలోకి చూస్తూ నిలబడిపోయాడు.

"ఇవ్వు నాన్నా."

ఇచ్చాడు. కుక్క ఇప్పుడు మా ఇంట్లోనే ఉంది. అంకుల్ ఎదురుపడినప్పుడల్లా నాన్న ఇంకా సారీ చెబుతూనే ఉన్నాడు.