ఉప్పుగాలి పట్టిన తీగలు

నా నోటి దురుసువల్లే మా బడి పిల్లకి జిల్లా సైన్సు ప్రదర్శనకు వెళ్లే అవకాశం పోయిందని మా స్టాఫ్ రూములో ఇప్పటికీ చెప్పుకుంటారు. నోరు దురుసే, ఒప్పుకుంటాను. కానీ నేను నోరు తెరిచేసరికే న్యాయనిర్ణేత కాగితం మీద రాసేశాడు.

భీమిలి దగ్గర, సముద్రం ఒడ్డునున్న సర్కారు బడిలో నేను ఫిజిక్స్ చెబుతాను. ఆ పిల్ల ఏడో తరగతి. వాళ్ల నాన్న చేపల వేటకెళ్తాడు. విశాఖ పూర్ణా మార్కెట్లో నేను కొనుక్కొచ్చిన బల్బులు, తీగలతో అట్ట మీద రెండు సర్క్యూట్లు కట్టింది. ఒకదాంట్లో మూడు బల్బులూ ఒకదాని వెంట ఒకటి, ఒకే దారిలో. రెండోదాంట్లో ఏ బల్బు దారి ఆ బల్బుదే. వారం రోజులు ఇంట్లోనే పెట్టుకుంది.

ఆనందపురంలో డివిజన్ స్థాయి ఎంపిక. స్విచ్ నొక్కితే ఒక్కటీ వెలగలేదు. న్యాయనిర్ణేతగా వచ్చిన లెక్చరరు "సర్క్యూట్ తప్పు" అని రాసుకుని పక్క బల్ల వైపు తిరిగాడు.

"తప్పు కాదండి సారూ! ఉప్పుగాలికి సిలుం పట్టీసిందండి. గీకీస్తే ఎలిగిపోద్ది," అంది పిల్ల.

వాళ్లింట్లో అది రోజూ ఉండే పనే. టార్చి విప్పి, లోపలి స్ప్రింగూ సెల్లుల మొనలూ గీకందే వాళ్ల నాన్న పడవెక్కడు. నా కొంగు పిన్నీసు తీసిచ్చాను. తీగల కొనలు, సెల్లులు ఆనే రేకులు గీకింది. ఆరు బల్బులూ వెలిగాయి. అడక్కుండానే చెప్పేసింది:

"సూడండి సారూ, ఇక్కడ ఒక్కటి పీకితే దారి తెగిపోతాది, మూడూ ఆరిపోతాయి. అక్కడ పీకినా మిగతా రెండిటి దారి ఆటికుంది, ఎలుగుతానే ఉంటాయి."

"మేడం సాయం చేశారు. చెల్లదు," అన్నాడాయన.

"పిన్నీసు ఇచ్చానండి, బుర్ర కాదు. మీకెవరైనా పెన్నిస్తే సంతకం వాళ్లదైపోతుందా?"

"మేడం, గొడవ చెయ్యకండి."

"ఇంకా మొదలెట్టలేదు."

మొదలెట్టాను. ఫలితం మారలేదు.

తిరుగు బస్సులో పిల్ల అట్టను ఒళ్లో పెట్టుకుని, "నాను తప్పు కట్టీసానా టీచరూ?" అనడిగింది. "లేదు," అన్నాను, బస్సంతటికీ వినపడేలా.

తర్వాతి వారం నుంచి నా పాఠం మారింది: సెల్లు, తీగ, బల్బు, స్విచ్, ఆ తర్వాత గీకుడు. పుస్తకంలో లేదు కదా అన్నారు హెడ్మాస్టరు. పుస్తకం రాసినాయన సముద్రం పక్కన కాపురం ఉండి ఉండడు లెండి అన్నాను.

వెలగనప్పుడు "తప్పు" అని చకచకా రాసిన ఆ చేతికి, కళ్లముందే వెలిగాక ఆ మాట కొట్టెయ్యడానికి ఏం అడ్డొచ్చింది?