మొదట అవ్వ పెట్టె

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఏది కనబడకపోయినా అందరి చూపులూ ముందు కొత్తగా వచ్చినవాళ్ళ మీదికే పోయేవి. ఆ ఏడు కొత్తగా వచ్చింది మా చిన్నమ్మ, అంటే మా చిన్నాయన భార్య. కాపురానికి వచ్చి ఇంకా ఏడాది కూడా కాలేదు.

మా ఊరు కోయంబత్తూరుకు తూర్పున, నల్లరేగడి నేలలో ఉంది. మా పత్తిచేను పక్కనే ఒక పాత దిబ్బ. పూర్వం అక్కడ వర్తకుల పేట ఉండేదట, పడమటి సముద్రం నుంచి మదురైకి సరుకు మోసే ఎడ్లు అక్కడ దిగేవట. వాన వెలిస్తే పిల్లలం పోయి రంగుపూసలు ఏరుకునేవాళ్ళం. ఒకరోజు చిన్నమ్మ కలుపు తీస్తుంటే తొలికకు ఏదో ఖంగుమని తగిలింది. తవ్వితే పచ్చగా చిలుము పట్టిన నాలుగు గుండ్రటి ముద్దలు బయటపడ్డాయి. వాటిని ఆమె చెంగులో మూటకట్టుకొని నేరుగా తెచ్చి మా అవ్వ ముందు పోసింది.

బంగారమేనని ఊరంతా అనుకుంది. తేల్చుకుందామని మా పెదనాన్న మదురై కాలేజీలో చరిత్ర చెప్పే ఒక సారును పిలుచుకొచ్చాడు. ఆయన ముద్దల అంచులు చూసి, చేతిలో పెట్టుకొని, ఇవి కంచువి, వర్తకుల తూకపు గుండ్లు అన్నాడు. మా తక్కెడే తెప్పించాడు. చిన్నగుండుకు సరిపడా జొన్నలు తూచి, ఆ జొన్నలనూ గుండునూ ఒకే తట్టలో వేస్తే రెండో గుండుకు సరిపోయాయి. రెండోదాన్ని అలాగే చేస్తే మూడోదానికి సరిపోయాయి, అంటే ఒక్కొక్కటీ ముందుదానికి రెట్టింపు. నాలుగోది మాత్రం మూడోదానికి రెట్టింపు కాదు, ఇంకా చాలా బరువు. నడుమ ఒకటి ఉండాలే, ఉంటే సెట్టు పూర్తయ్యేది అని ఆయన మామూలుగా అని, కాఫీ తాగి వెళ్ళిపోయాడు.

ఆ మాటతో మా ఇంట్లో నిప్పు పడింది. నడుమది ఎక్కడికి పోయింది? తవ్వింది ఎవరు, మూటకట్టింది ఎవరు? అనుమానం అనేది ఒకసారి ఇంట్లోకి వస్తే దానికి అన్నీ సాక్ష్యాలే. చిన్నమ్మ నవ్వితే ధీమా అన్నారు, నవ్వకపోతే భయం అన్నారు. ఆమె చెంగున ఏదో ముడివేసుకుంటే నేను కూడా తొంగి చూశాను. అది పొయ్యి దగ్గర నోట్లో వేసుకునే చింతపండు ముక్క. ఆమె పుట్టింటినుంచి తెచ్చిన పెట్టెకు తాళం ఎందుకు వేస్తుందో అని మా పెద్దమ్మ వాకిట్లో అందరూ వినేలా అంది. పెళ్ళినాటి నుంచీ ఆ తాళం అక్కడే ఉందన్న సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

చివరికి పెదనాన్న పెట్టె తెరవమన్నాడు. చిన్నాయన తల వంచుకున్నాడు. చిన్నమ్మ ఏడవలేదు. తాళంచెవి తెచ్చి గడప మీద పెట్టింది.

"ఎతకండి. ఎతికినంక నేను ఈ ఇంట్లో ఉండను, మా అన్న దగ్గరికి పోతా," అంది.

మా అవ్వ లేచింది.

"సరి, ఎతుకుదాం. పెద్దల పెట్టె మొదలు కదా. మొదట నాది తెరవండి, మళ్ళ పెద్ద కోడలిది. చిన్నదాని దగ్గరికి కడాసిగా వస్తాం," అంది.

అత్తగారి పెట్టె ముట్టుకోవడానికి ఎవరికి ధైర్యం ఉంటుంది? అవ్వే తెరిచింది. పెట్టె అయ్యాక తన దేవుడి గూడు, ఆ తర్వాత ఊరగాయల గది. ఒక్కొక్క జాడీ మూతా తీస్తూ వచ్చింది. నిమ్మకాయ జాడీ మీద, ఎలుకలు మూత తొయ్యకుండా, పాతగుడ్డ చుట్టిన ఒక బరువు ఎన్నో ఏళ్ళుగా ఉండేది. దాన్ని చేతిలోకి తీసుకొని బరువు చూసింది. తర్వాత గుడ్డ విప్పి, చింతపండు పెట్టి తోమింది. జిడ్డు కింద అదే కంచు, అదే గుండ్రటి రూపు. తక్కెడలో జొన్నలు పోసి చూస్తే మూడోదానికి సరిగ్గా రెట్టింపు.

"నేను కోడలిగా వచ్చిన కొత్తల్లో పత్తి ఏరతా ఉంటే దొరికినది ఇది. దొంగ దొరికిందిలే, నేనే," అంది అవ్వ.

చంకలో పిల్లను పెట్టుకొని ఊరంతా వెతికినట్టయింది మా పని. పెద్దమ్మ లోపలికి వెళ్ళిపోయింది. అవ్వ గడప మీది తాళంచెవి తీసి చిన్నమ్మ చేతిలో పెట్టి, "పావం, నిన్ను శానా ఏడిపించినాం. ఉండమ్మా," అంది. చిన్నమ్మ అప్పుడు ఏడ్చింది, ఉండిపోయింది కూడా. గుండ్లు అయిదూ మ్యూజియానికి పోయాయి. నిమ్మకాయ జాడీ మీదికి మామూలు రాయి ఒకటి వచ్చింది.

ఇప్పుడు కోయంబత్తూరు గాంధీపురంలో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. ఇంట్లో ఏదైనా కనబడక వంటమనిషి వైపు చూపులు తిరిగితే, నేను లేచి నా బీరువా తలుపులు తీసి, మొదట ఇక్కడ వెతకండి అంటాను. నా కోడలికి ఇది ముసలి చాదస్తం.

చిన్నమ్మ ఆ ఇంట్లోనే ముసలిదై, అక్కడే పోయింది. అందరితోనూ బాగానే ఉంది, పెద్దమ్మ జబ్బుపడితే ఆమే దగ్గరుండి చూసుకుంది. కానీ ఆ రోజు తర్వాత తన పెట్టెకు మళ్ళీ తాళం వేయలేదు. ఆమె పోయాక మూత ఎత్తి చూస్తే, చీరల అడుగున ఆ తాళమూ చెవీ ఒక గుడ్డలో చుట్టి ఉన్నాయి. ఆ మూటను నేను తెచ్చుకున్నాను. నా బీరువా తెరిచినప్పుడు ముందు కనబడేది అదే.