నోర్మత్ దోమ్లా, ఆయన ఎర్రపొర ఉల్లి

నోర్మత్ దోమ్లా వినేంత దూరంలో ఉల్లిపాయను ఉత్తి ఉల్లిపాయ అనడానికి మా వీధిలో ఎవరికీ ధైర్యం చాలదు. "ఏ ఉల్లి?" అంటూ ఎక్కడినుంచో ఊడిపడతాడు. పిల్లలకు పాఠాలు చెప్పేవాడు గనక అందరికీ దోమ్లా, అంటే మేష్టారు. నేను వీధికంతటికీ ఖోలాను, అంటే పిన్నిని. ఎవరింట్లో ఏం జరిగినా నాకు తెలియాల్సిందే.

నలభై ఏళ్లలో ఆయన మా కొండల మీది గడ్డీగాదమంతా తెచ్చి, పాత పేపర్ల మధ్య అణిచి ఆరబెట్టి, ప్రతిదానికీ చీటీ అంటించాడు: ఏ వాలు, ఎంత ఎత్తు, ఏ రోజు. పరుపు కింద కూడా మొక్కలే. పెళ్లికి పిలిస్తే పెళ్లికూతురి మొహం చూడడు. పలావులోంచి ఉల్లిముక్క ఏరి భూతద్దం కింద పెడతాడు.

"తినండి దోమ్లా, చల్లారిపోతోంది," అన్నానోసారి.

"తింటే ఆధారం పోదూ ఖోలా!"

ఆయన ప్రాణమంతా ఎర్రపొర ఉల్లి మీదే. పైకి మామూలు కొండ ఉల్లిలాగే ఉంటుంది. గడ్డ చుట్టూ మాత్రం ఎర్రటి వలలాంటి పొర. మా చింగిల్ వాలు మీద తప్ప లోకంలో ఎక్కడా లేదంటాడు. అది మామూలు ఉల్లే, పొర రంగు మారిందంతే అని రాజధాని పండితులు ఇరవై ఏళ్లు ఉత్తరాలు రాశారు. ఇరవై ఏళ్లూ ఈయన జవాబులిచ్చాడు.

"వాళ్లెక్కింది ఆఫీసు మెట్లు! కొండెక్కమను!" అని రంకెలు వేసేవాడు.

పోయిన వసంతంలో రాజధాని దిగొచ్చింది. ఎర్రపొర ఉల్లిది వేరే జాతేనని ఒప్పుకుని, తవ్వకూడని మొక్కల పట్టికలో చేర్చింది. దోమ్లా వీధంతటికీ పలావు పెట్టాడు. ఆ ఉత్తరం నాకు పదకొండుసార్లు చదివి వినిపించాడు.

ఆ ఎండాకాలం మొదట్లోనే జుల్హూమోర్ పట్టుబడింది. మా పక్కింటి పిల్ల, మొగుడు పోయాడు. కొండ ఉల్లి తవ్వుకొచ్చి, నలభై రోజులు నీళ్లు మార్చి మార్చి నానబెట్టి, ఊరగాయ పెట్టి బజారులో అమ్ముకుంటుంది. ఆకులు వాడాక రెండు రకాలూ ఒక్కలాగే ఉంటాయి. మట్టి అంటిన గడ్డలకు పొర రంగు ఎవరు చూస్తారు? తెలియక చింగిల్ వాలు మీద తవ్వింది. అటవీ ఇన్‌స్పెక్టర్ బఖ్రోమ్ సంచీతో సహా పట్టుకున్నాడు. రుజువైతే కేసు, పైగా బజారులో కొట్టు పోతుంది. అది ఏ ఉల్లో తేల్చాల్సినవాడు దోమ్లా ఒక్కడే.

ఇన్‌స్పెక్టర్ సంచీ తెచ్చి దోమ్లా బల్ల మీద కుమ్మరించాడు. వీధంతా గోడలెక్కింది. నేను గోడెక్కలేదు, ఏకంగా లోపలికెళ్లి కూర్చున్నాను.

దోమ్లా ఒక గడ్డ తీసుకుని భూతద్దం పెట్టాడు. మట్టి గోటితో గీకి చూశాడు.

"నలభై మూడు గడ్డలు. మీ ఉల్లే కదా దోమ్లా? ఇక్కడో సంతకం పెట్టండి. పేపర్లో మీ పేరొస్తుంది," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

జుల్హూమోర్ తలగుడ్డ కొస నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. దోమ్లా ఒకసారి అటు చూశాడు.

"మామూలు ఉల్లి," అన్నాడు.

ఇన్‌స్పెక్టర్ ఆ గడ్డ లాక్కుని చూశాడు.

"ఎర్రపొర కనిపిస్తోంది కదండీ!"

"రంగు మారిందంతే. మీ రాజధానివాళ్లే రాశారు." లోపలికెళ్లి ఉత్తరాల కట్ట తెచ్చి బల్ల మీద దబ్బున వేశాడు. "ఇంతమంది పండితులు చెబితే నేను కాదంటానా?"

"ఇరవై ఏళ్లూ మీరేగా కాదన్నది!"

"పొరబడ్డాను. రాసుకో."

"రాస్తే పట్టికలోంచి మీ ఉల్లి పోతుంది దోమ్లా. మీ పేరూ పోతుంది."

దోమ్లా మొహంలో నెత్తురు చుక్క లేదు. అయినా గడ్డం పైకెత్తాడు.

"పోనీ. ముందు నువ్వు పో. మామూలు ఉల్లికి అంత ఏడిపించినందుకు ఆ అమ్మాయికి క్షమాపణ చెప్పి మరీ పో!"

అతను గొణుగుతూ క్షమాపణ చెప్పి, సంచీ వదిలేసి పోయాడు. వీధి మలుపు తిరిగాడో లేదో, దోమ్లా జుల్హూమోర్ మీద విరుచుకుపడ్డాడు.

"ఒక్క గడ్డ వాడిపోయినా నిన్ను నేనే పట్టిస్తాను! రేపు తెల్లారేసరికి పార పట్టుకురా!"

మర్నాడు ముగ్గురం చింగిల్ వాలెక్కాం. గడ్డ గడ్డకూ వేలితో లోతు కొలిచి మరీ పాతించాడు.

"నా వల్ల మీ ఉల్లి పోయింది కదా దోమ్లా," అంది జుల్హూమోర్.

"కాగితం మీంచి పోయింది. కొండ మీంచి పోయిందా? మళ్లీ రాస్తాను. ఇంకో ఇరవై ఏళ్లు వాళ్లకు నిద్రుండదు. నువ్వు తవ్వుకోదగ్గ మామూలు ఉల్లి కిందుంది, దిగేటప్పుడు చూపిస్తా."

అంతలో ఆగిపోయాడు. "నలభై రెండే ఉన్నాయి. ఇంకోటేదీ?"

జుల్హూమోర్ ఒట్టు పెట్టుకుంది. నేను మబ్బుల కేసి చూశాను.

"ఖోలా!"

"ఆ గొడవలో ఒకటి నా జేబులో పడింది దోమ్లా. ఇంత రభస చేసింది ఎలా ఉంటుందో చూద్దామని... మాంసం పులుసులో వేశాను."

నన్ను కొండ మీంచి దొర్లిస్తాడనుకున్నాను. వచ్చి పక్కన కూలబడ్డాడు. ఉన్నవే కొన్నని, నలభై ఏళ్లలో తనొక్కటీ నోట పెట్టలేదట. తన నోటు పుస్తకం తెరిచి, పెన్సిలు తడిచేసుకుని, చిన్నపిల్లాడిలా నా మొహంలోకి చూశాడు.

"రుచెలా ఉంది?"

"మామూలు ఉల్లిలాగే ఉంది," అన్నాను.

ఆ మనిషి వారం రోజులు నాతో మాట్లాడలేదు.